నాన్నగారి గుండె మాత్ర వెనక గురుశిష్యుల కథ

మొన్న సంక్రాంతికి ముందు ఓ రాత్రి రెండు గంటలకి తెనాలి నుంచి అమ్మ ఫోన్. "మీ నాన్నకి గుండె ఒకటే దడగా ఉందంటున్నారే, హాస్పిటల్‌కి తీసుకొచ్చాం" అంది. దేశం కాని దేశంలో ఉన్నవాళ్ళకి ఆ వేళ ఫోన్ మోగితే ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు.

తెల్లారేసరికి అసలు సంగతి బయటపడింది. స్టెంట్ వేసిన దగ్గర్నుంచి మూడేళ్ళుగా వేసుకుంటున్న బీటా బ్లాకర్ మాత్రని నాన్న వారం క్రితం తనంతట తనే మానేశారు. "బీపీ బాగానే ఉంది కదమ్మా, ఇంకా ఎందుకు?" అన్నారు. డాక్టరుగారు మళ్ళీ మొదలుపెట్టాక దడ తగ్గింది. కానీ మా నాన్న రిటైరైన లెక్కల మాస్టారు. కారణం చెప్పకుండా "మానొద్దు" అంటే వినే మనిషి కాదు. "మాత్ర ఆపితే ముందున్న స్థితికి రావాలి గానీ, అంతకంటే ఎక్కువ దడ ఎందుకు రావాలి? స్టెప్పులు చెప్పు" అన్నారు.

నేను బీఎస్సీ బయోకెమిస్ట్రీ. పెళ్ళై అమెరికా వచ్చాక చదువు అక్కడితో ఆగిపోయింది. పరీక్షల్లో రిసెప్టర్ బొమ్మ గీసి మార్కులు తెచ్చుకున్నాను గానీ, నాన్న అడిగిన ప్రశ్నకి జవాబు తట్టలేదు. మళ్ళీ చదవడం మొదలుపెట్టాను. తీరా చూస్తే ఆ కథ మేముండే క్యారీకి అరగంట దూరంలోనే, డర్హంలోని డ్యూక్ యూనివర్సిటీలో ఉంది. ఆ శాస్త్రవేత్త పేరు రాబర్ట్ లెఫ్‌కోవిట్జ్.

ఆయన 1943లో న్యూయార్క్‌లోని బ్రాంక్స్‌లో పుట్టారు. చిన్నప్పటి నుంచీ డాక్టరు అవ్వాలనే కోరిక, పరిశోధన మీద ధ్యాస లేదు. వియత్నాం యుద్ధ కాలంలో డాక్టర్లకి ప్రభుత్వ సర్వీసు తప్పనిసరి కావడంతో 1968లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్‌లో చేరారు. అక్కడ ఇచ్చిన పని, ఒక హార్మోన్ కణం మీద ఎక్కడ అతుక్కుంటుందో పట్టుకోవడం. ఏడాదికి పైగా ఒక్క ప్రయోగమూ కుదరలేదు. ఆ రోజుల్లోనే తండ్రి గుండెజబ్బుతో పోయారు. ఇది మనకి అచ్చిరాదనుకుని ఆస్పత్రి ఉద్యోగం చూసుకున్నారు. అయినా పైనున్న సీనియర్లు విసుక్కోకుండా దారి చూపిస్తూ వచ్చారు. రెండో ఏడు ఫలితం వచ్చింది. తర్వాత బోస్టన్‌లో రోగుల్ని చూస్తున్నా మనసు ల్యాబు మీదికే పోయేదట. 1973లో డ్యూక్‌లో చేరి, అక్కడే స్థిరపడ్డారు.

అప్పటికి రిసెప్టర్ అనే వస్తువు నిజంగా ఉందా, లేక లెక్క కుదరడానికి మనం ఊహించుకున్నదా అని పెద్ద పెద్దవాళ్ళకే అనుమానం. ఈయన అడ్రినలిన్ అతుక్కునే బీటా రిసెప్టర్‌ని ఎంచుకున్నారు. రేడియోధార్మిక పదార్థం తగిలించిన మందులతో దాని జాడ పట్టుకున్నారు, కణాల నుంచి విడదీశారు. 1986లో ఆయన బృందం, మెర్క్ కంపెనీ శాస్త్రవేత్తలతో కలిసి దాని జన్యువునీ కనుక్కుంది. అది కణం పైపొరని ఏడుసార్లు అటూ ఇటూ దాటే ప్రోటీన్ అని, కంట్లో వెలుతురుని పట్టే రొడాప్సిన్‌కి చుట్టమని తేలింది. వాసన, రుచి, చూపు, గుండె వేగం అన్నిటిలోనూ ఈ కుటుంబం వాళ్ళే ఉన్నారు. మన శరీరంలో ఇలాంటివి దాదాపు 800 రకాలు. నేడు వాడుకలో ఉన్న మందుల్లో మూడో వంతు దాకా వీటి మీదే పనిచేస్తాయి.

ఇక నాన్నకి చెప్పిన స్టెప్పులు. రిసెప్టర్ అంటే ఇంటి కాలింగ్ బెల్ స్విచ్. అడ్రినలిన్ లోపలికి రాదు, గుమ్మంలో నిలబడి బెల్ నొక్కుతుంది. లోపల జీ ప్రోటీన్ అనే మనిషి లేచి కబురు అందిస్తుంది, గుండె వేగం పెరుగుతుంది. అదేపనిగా మోగిస్తే ఏం చేస్తాం? వైరు పీకేస్తాం. కణం కూడా అంతే. అరెస్టిన్ అనే ప్రోటీన్ వచ్చి రిసెప్టర్‌ని అడ్డుకుంటుంది. ఈ వైరు పీకే ఏర్పాటు బయటపెట్టిందీ లెఫ్‌కోవిట్జ్ ల్యాబే.

బీటా బ్లాకర్ ఆ స్విచ్ మీద అంటించిన టేపు లాంటిది. ఎన్నాళ్ళయినా బెల్ సరిగా వినపడకపోతే కణం ఊరుకోదు, గోడకి ఇంకొన్ని స్విచ్‌లు పెట్టుకుంటుంది. ఇప్పుడు మాత్ర ఒక్కసారిగా మానేస్తే టేపులన్నీ ఊడిపోయి, పాతవీ కొత్తవీ కలిసి మోగుతాయి. దడ, ఛాతీ నొప్పి, ఒక్కోసారి గుండెపోటు కూడా రావచ్చు. అందుకే మానాల్సి వస్తే డాక్టరే డోసు కొంచెం కొంచెంగా తగ్గిస్తారు. నాన్న కాసేపు మాట్లాడలేదు. "లెక్క సరిపోయింది" అన్నారు.

నన్ను బాగా కదిలించింది మాత్రం ఆయన శిష్యుల సంగతి. ఇప్పటిదాకా 200 మందికి పైగా ఆయన దగ్గర తయారయ్యారు. 1984లో బ్రయాన్ కోబిల్కా అనే కుర్ర డాక్టరు ఆ ల్యాబులో చేరి, జన్యువు వేటలో ముందు నిలిచారు. తర్వాత స్టాన్‌ఫర్డ్ వెళ్ళి అదే రిసెప్టర్ రూపం చూడాలని ఏళ్ళ తరబడి శ్రమించారు. 2007లో ఆ రూపం చూపించారు. 2011లో రిసెప్టర్ జీ ప్రోటీన్‌ని పట్టుకుని ఉన్న రూపాన్నీ చూపించారు. 2012లో కెమిస్ట్రీ నోబెల్ గురువుకీ శిష్యుడికీ కలిపి ఇచ్చారు. 2021లో వచ్చిన ఆత్మకథని కూడా లెఫ్‌కోవిట్జ్ మరో పాత శిష్యుడితో కలిసే రాశారు. తనని ఆ మొదటి ఏడాదే పనికిరాడని పంపేసి ఉంటే ఈ వరసలో ఎంతమంది ఉండేవారు కాదో!

నాన్న ఇప్పుడు పొద్దున్నే పార్కులో వాకింగ్ మిత్రులకి కాలింగ్ బెల్ పాఠం చెబుతున్నారట. ఇద్దరు మాత్ర మానేద్దామనుకుని మళ్ళీ డాక్టరు దగ్గరికి వెళ్ళారని అమ్మ చెప్పింది.

ఈ వారం మీరు ఇంటికి ఫోన్ చేసినప్పుడు "మాత్రలు వేసుకుంటున్నారా?" అని అడిగి ఊరుకోకండి. ఎందుకు మానకూడదో కూడా చెప్పండి.