ఆరిపోయే వెలుగే పుట్టిన టైమ్ చెప్పింది

2017 జనవరి 4. మన టైమ్ ప్రకారం మధ్యాహ్నం 3.42. ఎక్కడో రెండు బ్లాక్‌హోల్స్ ఢీకొని ఒక్కటైనప్పుడు పుట్టిన గురుత్వ తరంగం అమెరికాలోని లైగో డిటెక్టర్లను తాకింది. మర్నాడు హవాయిలోని అట్లాస్ టెలిస్కోపుకి ఆకాశంలో అదే వైపు ఓ కొత్త వెలుగు కనబడింది. చాలా స్పీడుగా తగ్గిపోతోంది కూడా. ఆ రెండింటికీ సంబంధం ఉందని తేలితే పెద్ద సంచలనమే. బ్లాక్‌హోల్స్ కలిసినప్పుడు వెలుగు వస్తుందని అప్పటికి రుజువేమీ లేదు మరి.

తేల్చేదెలా? ఆ వెలుగు తగ్గే తీరుని బట్టే!

భారీ నక్షత్రం కుప్పకూలినప్పుడు కొన్నిసార్లు గామా కిరణాలు ఒక్కసారిగా పేలినట్టు వస్తాయి. కొన్ని సెకన్లో, నిమిషాలో ఉంటాయి, అంతే. కానీ కాంతి వేగానికి దగ్గరగా దూసుకొచ్చిన ఆ పదార్థం చుట్టూ ఉన్న వాయువుని గుద్దుకుని రోజులు, వారాల పాటు మెరుస్తుంది. ఇదే ఆఫ్టర్‌గ్లో. మామూలు టెలిస్కోపుతో దీన్ని మొదటిసారి పట్టుకున్నది 1997 ఫిబ్రవరి 28 నాటి పేలుడుకి.

మా యాడికి పక్క రైతులకి వాన ఎప్పుడు పడిందో ఎవరూ చెప్పక్కర్లేదు. చేలో మట్టి పిడికిట్లో నొక్కి, పదును ఎంత మిగిలిందో చూసి, ‘మొన్న సాయంత్రం పడినట్టుందిప్పా’ అంటారు. ఇక్కడా అదే లెక్క. గంటకి ఉన్న వెలుగు పది గంటలకి సుమారు పదో వంతవుతుంది. ఇంకో పదో వంతుకి తగ్గాలంటే వంద గంటలు పట్టాలి. ఈ లెక్కలో వెనక్కి వెళ్తే వెలుగు పుట్టిన టైమ్ దొరుకుతుంది. రోజూ సర్వర్ లాగ్స్‌తో కుస్తీ పట్టే నాకు ఇది బాగా నచ్చింది. టైమ్‌స్టాంప్ చెరిగిపోయినా, డేటానే దాన్ని తిరిగి చెబుతోంది!

అట్లాస్ చూసిన వెలుగుకి ఈ లెక్క వేస్తే, అది గురుత్వ తరంగంతో పాటు పుట్టింది కాదు, మర్నాడు పుట్టిందని తేలింది. మరి ఆ టైమ్‌కి పేలుడు ఏదైనా జరిగిందా? జవాబు మన ఆస్ట్రోశాట్ దగ్గరుంది. 2015 సెప్టెంబర్ 28న మన శ్రీహరికోట నుంచే వెళ్లిన ఉపగ్రహం అది. అందులోని సీజెడ్‌టీఐ పరికరం జనవరి 5 ఉదయం 11.44 ప్రాంతంలో ఒక గామా పేలుడుని నమోదు చేసింది. అంటే గురుత్వ తరంగం వచ్చిన 20 గంటలకి. వరుణ్ భలేరావు బృందం ఈ లెక్కలన్నీ కలిపి, రెండూ వేర్వేరు ఘటనలని, ఆకాశంలో ఒకే వైపు కనబడటం కేవలం యాదృచ్ఛికమని తేల్చింది.

సంచలనం పోయింది కదా అనిపించొచ్చు. కానీ ‘కాదు’ అని రుజువు చేయకపోతే తప్పుడు కథ ఒకటి సైన్స్‌లో నిలిచిపోయేది.

2018 నుంచి లద్దాఖ్‌లోని హాన్లేలో గ్రోత్-ఇండియా టెలిస్కోప్ ఇలాంటి వెలుగుల వెంట పడుతోంది. అద్దం 70 సెంటీమీటర్లే, కానీ పని చేసేది రోబో పద్ధతిలో. పేలుళ్ల కబుర్లేమో నాసా వారి జీసీఎన్ సైట్‌లో ఎవరైనా ఫ్రీగా చదవొచ్చు. ఈసారి ఫోన్ తీసినప్పుడు ఓసారి చూడండి. ఏదో ఒక వెలుగు ఆరిపోయేలోపు లెక్క తేల్చాలని ఎవరో ఒకరు పరుగు పెడుతూనే ఉంటారు.