గేమ్ స్టూడియో ఎందుకు ఎండిపోతుంది?

తాడేపల్లిగూడెం నిట్‌లో చదువుతున్న మా మేనల్లుడికి హైదరాబాద్‌లోని ఓ చిన్న గేమ్ స్టూడియోలో ఉద్యోగం వచ్చింది. వాడు ఎగిరి గంతేశాడు. కొల్లేరు పక్కన చేపల చెరువులు చేసే మా బావకి మాత్రం దిగులు పట్టుకుంది. ‘గేములంటే ఆ రమ్మీ లాంటివేనా? అసలా కంపెనీ ఎన్నాళ్లుంటుందయ్యా?’ అని నన్ను అడిగాడు.

మొదటి ప్రశ్నకి జవాబు తేలికే. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ రమ్మీ, పోకర్‌లను మన రాష్ట్రం 2020లోనే నిషేధించింది. 2025లో కేంద్రం కూడా అందుకు చట్టం చేసింది. వీడియో గేమ్ తయారీ దానికి సంబంధం లేని పని. సినిమా తీసినట్టే... కథ, బొమ్మలు, సంగీతం, వీటన్నిటినీ నడిపించే ప్రోగ్రామింగ్ ఉంటాయి. రెండో ప్రశ్నే అసలైంది. దానికి జవాబు కావాలంటే 2008 నాటి హైదరాబాద్‌కి వెళ్లాలి.

గజిని నుంచి హనుమాన్ దాకా

ఆ ఏడాది డిసెంబరులో ఆమిర్‌ఖాన్ ‘గజిని’ విడుదలైంది. మన పాలకొల్లు అల్లు రామలింగయ్య గారి అబ్బాయి అల్లు అరవింద్ దాని నిర్మాతల్లో ఒకరు. సినిమాతో పాటే కంప్యూటర్‌లో ఆడుకునే ‘గజిని’ గేమ్ కూడా తయారైంది. అందులో మనమే సంజయ్ సింఘానియా అయి శత్రువుల పని పట్టాలి. మన దేశపు తొలి 3డి పీసీ గేమ్ అంటూ దానికి గట్టి ప్రచారమే జరిగింది. చేసింది హైదరాబాద్‌లోని ఎఫ్ఎక్స్ ల్యాబ్స్. యాప్‌ల్యాబ్స్ అనే సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ కంపెనీతో పేరు తెచ్చుకున్న శశి రెడ్డి దాని వెనక ఉన్నారు.

మరుసటి ఏడాదే హైదరాబాద్‌కి చెందిన ఆరోనా టెక్నాలజీస్ ప్లేస్టేషన్-2 కోసం ‘హనుమాన్: బాయ్ వారియర్’ చేసింది. విడుదల చేసింది సోనీ. పూర్తిగా భారత్‌లో తయారైన తొలి కన్సోల్ గేమ్‌గా దానికి గుర్తింపు వచ్చింది. దేవుణ్ని రిమోట్‌తో ఆడించడం ఏమిటంటూ అమెరికాలో రాజన్ జెడ్ అభ్యంతరం చెప్పడంతో విదేశీ పత్రికలకీ ఎక్కింది. సమీక్షకులు మాత్రం పెదవి విరిచారు.

గేమ్‌శాస్త్ర అనే మరో హైదరాబాద్ స్టూడియో ‘దేశీ అడ్డా’ చేసింది. గూటీబిళ్ల, కబడ్డీ, గాలిపటాలు... మనం ఏలూరు వీధుల్లో ఆడినవన్నీ టీవీ తెర మీదకి వచ్చాయన్నమాట. 2013లో షారుఖ్ ‘డాన్ 2’ గేమ్ చేసిందీ వాళ్లే.

అంత ఊపు మీద మొదలైన ఎఫ్ఎక్స్ ల్యాబ్స్ కొన్నేళ్లకే మూతపడింది. ఈ పేర్లలో ఒక్కటైనా మా మేనల్లుడికి తెలుసేమోనని అడిగాను. ఒక్కటీ తెలీదన్నాడు. వాడు చేరబోయేది ఈ రంగంలోనే మరి!

పట్టుబడి రోజు దాకా పెట్టుబడే

ఎందుకిలా? బావకి నేను వాళ్ల చెరువు భాషలోనే చెప్పాను. పిల్ల వదిలిన రోజు నుంచి ఖర్చే కదా... లీజు, తవుడు, చెక్క, మందులు, కాపలా. ఏడాది పొడుగునా పెట్టుబడి పోస్తూనే ఉండాలి. డబ్బు కళ్లజూసేది పట్టుబడి నాడే. ఆరోజు శీలావతి, బొచ్చె ధర ఎంతన్నది మీ చేతుల్లో ఉండదు. కలకత్తా మార్కెట్‌లో ఎంత పలికితే అంతే.

గేమ్ స్టూడియో కూడా ఇంతే. ఉదాహరణకి 30 మంది పనిచేసే స్టూడియో అనుకోండి. సగటున తలకి 50 వేలు వేసుకున్నా నెలకి 15 లక్షల జీతాలు. గేమ్ పూర్తికి రెండేళ్లు పడితే 3 కోట్ల 60 లక్షలు. కరెంటు, అద్దె, కంప్యూటర్లు అదనం. 500 రూపాయలకి అమ్మిన గేమ్‌లో దుకాణం, పంపిణీ వాటాలు పోగా 250 చేతికొస్తుందనుకుంటే, జీతాలు రాబట్టుకోడానికే 1,44,000 మంది కొనాలి. అందాకా వచ్చేది సున్నా. విడుదలైన మొదటి వారాల్లో జనం పట్టించుకోకపోతే రెండేళ్ల మేత నీళ్లపాలే.

పైగా 2008లో కొనే అలవాటెక్కడిది? సినిమా సీడీయే పైరసీలో దొరికే రోజులు. గేమ్ డబ్బిచ్చి కొంటానంటే ఇంట్లో నవ్వేవారు. వీడియో గేమ్ పార్లర్లలో గంటకింత అని కట్టి ఆడిన తరం మాది. ఆ డబ్బు పార్లర్ వాడికే తప్ప గేమ్ చేసినవాళ్లకి చేరే దారే లేదు.

కట్ట తెగినట్టు

ఇంకో దెబ్బ కూడా ఉంది. 2006లో ‘ఆపరేషన్ కొల్లేరు’ మనవాళ్లు మర్చిపోలేరు. అభయారణ్యం హద్దు లోపలి చెరువుల గట్లను పేల్చేశారు. అక్కడ ప్రశ్న చట్టానిది, ఇక్కడ సాంకేతికతది. అయినా కాళ్ల కింద నేల ఒక్కసారిగా మారిపోవడం అన్నది ఒక్కటే. ప్లేస్టేషన్-2 వచ్చింది 2000లో. మన హనుమంతుడు అందులోకి దూకేసరికి దానికి తొమ్మిదేళ్లు. ‘డాన్ 2’ గేమ్ వచ్చిన ఏడాదే సోనీ దాని తయారీ ఆపేసింది. ఈలోగా ఆటంతా ఫోన్లలోకి మారిపోయింది. అక్కడ గేమ్ ఉచితం, ఆదాయం ప్రకటనల మీద.

మరి బతికినవాళ్లెలా బతికారు? బెంగళూరులో 1997లో మొదలైన ధ్రువ ఇంటరాక్టివ్ విదేశీ గేమ్‌లకి బొమ్మలు గీసిపెట్టే కాంట్రాక్టు పనులతో నిలబడింది. 2019లో రాక్‌స్టార్ దాన్ని కొనేసింది. సొంత చెరువు కాకుండా పక్కవాడి చెరువులో నెలజీతానికి పనిచేయడం లాంటిదది. నెల తిరిగేసరికి జీతం ఖాయం. చేపలు మాత్రం మనవి కావు.

గొప్పవాళ్లకీ తప్పలేదు

మనవాళ్లకి చేతకాక పడిపోయారనుకోకండి. జపాన్‌లో ‘హై-ఫై రష్’ చేసి మెప్పు పొందిన టాంగో గేమ్‌వర్క్స్‌ను 2024 మేలో మూసేస్తున్నట్టు మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. మంచి గేమ్ చేసినా భరోసా లేదు. తర్వాత కొన్ని నెలలకే ఆ స్టూడియోని క్రాఫ్టన్ తీసుకుంది... మన కుర్రాళ్లు రాత్రిళ్లు మేలుకుని ఆడే బీజీఎంఐ వాళ్లదే!

మా వాడికి నేను ‘వద్దు’ అనలేదు. వెళ్లమన్నాను. కానీ చేరేముందు మూడు సంగతులు అడగమన్నాను. ఒకటి, చేతిలోని డబ్బు ఎన్ని నెలల జీతాలకి సరిపోతుంది? రెండు, సొంత గేమ్ చేస్తూనే పక్కన కాంట్రాక్టు పనులేమైనా ఉన్నాయా? మూడు, గేమ్ విడుదలైనా కాకపోయినా నేను చేసిన పని బయటివాళ్లకి చూపించుకోవచ్చా? మూడోది చాలామంది అడగరు. స్టూడియో మూతపడ్డ నాడు మీతో బయటికొచ్చేది అదొక్కటే.

చెరువు ఎండినా చేపలు పెంచడం తెలిసినవాడికి ఆ విద్య పోదు. ‘గజిని’ గేమ్ ఇప్పుడు ఎవరూ ఆడకపోవచ్చు. కానీ 3డి మనిషిని పరుగెత్తించడం, దెబ్బ తగిలితే ఒళ్లు తూలేట్టు చేయడం ఇక్కడ కొంతమంది కుర్రాళ్లు అక్కడే నేర్చుకున్నారు. ఆ పని ఇవాళ మా వాడు నేర్చుకోబోతున్నాడు. వాడి మొదటి కంపెనీ పదేళ్లుంటుందో, రెండేళ్లుంటుందో చెప్పలేను. చేతికొచ్చిన పని మాత్రం కంపెనీ బోర్డుతో పాటు దిగిపోదు.