కోడియెరువును కీలునొప్పియు

కోళ్లగూడు శుభ్రపఱచు ప్రతి రైతునకును రెట్టమీఁది తెల్లని పొర పరిచితమే. అది సున్నము గాదు, యూరిక్ ఆమ్లము. ఎరువుదిబ్బలో వేసి తడిపినచో కొన్నాళ్లకు ఘాటైన అమ్మోనియా వాసన పుట్టును. సూక్ష్మజీవు లా తెల్లని పదార్థమును విఱుగఁగొట్టుటయే యిందులకుఁ గారణము. ఇట్టి పనియే మన ప్రేవులయందును జరుగుచున్నది. ముండ్లమూరు ప్రాంతపు సభ్యుల కీ సంగతి తెలుపుట యావశ్యకమని తలఁచితిమి.

మనము తిను మాంసము, చేఁపలు, పప్పులయందును, మన దేహమునందును ప్యూరినులను పదార్థములు గలవు. అవి విచ్ఛిన్నమై తుదకు యూరిక్ ఆమ్లమగును. ఎద్దు, కుక్క మున్నగు జంతువుల దేహమున దీనిని మార్చివేయు యూరికేజ్ అను ద్రవ్యము కలదు, మనుష్యునకు లేదు. కావున నించుమించు మూఁడింట రెండు వంతులు మూత్రముతోఁ బోవును. తక్కిన వంతు ప్రేవులలోనికి దిగును. నూఱు మిల్లీలీటర్ల రక్తమున నిది 6.8 మిల్లీగ్రాములు మించినచో, సూదులవంటి స్ఫటికములై కీళ్లలోఁ బేరుకొనవచ్చును. అప్పుడు కాలి బొటనవ్రేలు రాత్రికి రాత్రి వాచి, దుప్పటి తగిలినను ఓర్వరాని నొప్పి పుట్టును. వైద్యులు దీనిని గౌట్ అందురు.

ప్రేవులలోనికి దిగిన వంతు నచటి సూక్ష్మజీవులు విఱుగఁగొట్టుచున్నవని అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు 2023 లో వెల్లడించిరి. యూరికేజ్ లేని యెలుకలయందు ఆ జీవులను నశింపఁజేయఁగా రక్తమున యూరిక్ ఆమ్లము మిక్కిలి పెరిగెను. ప్రేవులలోని యట్టి జీవులను చంపు కొన్ని యాంటీబయోటిక్ మందులు వాడిన రోగులలో గౌట్ ఎక్కువగుటయుఁ గనుపట్టెను.

కావున సభ్యులకు మా మనవి యిది. జలుబునకును, ఒడలినొప్పులకును అంగడిలో నడిగి యాంటీబయోటిక్ బిళ్లలు మ్రింగవలదు. వైద్యుఁడు వ్రాసి యిచ్చినపు డాతఁడు చెప్పినన్ని దినములును వాడవలయును. కీలు వాచినచో రక్తపరీక్ష చేయించుకొనుఁడు. నొప్పిబిళ్లలు తమంతట దినదినమును వాడుట మూత్రపిండములకు హాని.

కాలు వాచినంతనే కొందఱు కందిపప్పు మానుచున్నారు. మన మెట్టచేలలోఁ బండు కంది నిట్లు దోషిని జేయుట తగదు. అమెరికాలో సుమారు 47 వేల మంది పురుషులను 12 సంవత్సరములు పరిశీలించి 2004 లోఁ బ్రకటించిన ఫలితములఁబట్టి, మాంసమును, చేఁపలును హెచ్చుగాఁ దినువారికి గౌట్ హెచ్చెను, పప్పుజాతులవలన హెచ్చలేదు, పాలు త్రాగువారికిఁ దగ్గెను. మద్యపాన మీ వ్యాధిని హెచ్చించును. జొన్న, కొఱ్ఱ, కూరగాయలలోని పీచు ప్రేవులలోని జీవులకు మేఁత. ఎండలోఁ బనిచేయువారు నీరు చాలినంత త్రాగవలయును.

ఇవి మందునకు బదులు గావు; వ్యాధి ముదిరినవారికి వైద్యుని మందు తప్పదు. కాని యెరువుదిబ్బలోని జీవులను కాపాడుకొను రైతు, తన కడుపులోని జీవులను కారణములేక చంపుకొనుట తగునా?