ట్యాంక్ పైకి బాగానే ఉంటుంది.. లోపల ఉక్కు ఎంత మిగిలింది? కెమికల్ ట్యాంకులను ఇలా తనిఖీ చేస్తారు!

రంగు వేసి ఉన్న కెమికల్ ట్యాంకును బయటి నుంచి చూస్తే గట్టిగానే కనిపిస్తుంది. కానీ లోపల ఉన్న రసాయనం ఉక్కును ఏటా కొంచెం కొంచెంగా తినేస్తూ ఉండొచ్చు. అది కంటికి కనిపించదు. మరి గోడ ఎంత పలచబడిందో ఎలా తెలుస్తుంది? తెలిసినా పట్టించుకోకపోతే ఏమవుతుంది? రెండో ప్రశ్నకు అమెరికాలో జరిగిన ఓ ప్రమాదమే జవాబు.

ఆ రోజు ఏం జరిగింది?

2001 జులై 17. డెలావేర్ రాష్ట్రం, డెలావేర్ సిటీలోని మోటివా రిఫైనరీ. సల్ఫ్యూరిక్ యాసిడ్ ట్యాంకుల మీదున్న నడకదారికి కార్మికులు మరమ్మతు చేస్తున్నారు. ఆ పనిలో లేచిన నిప్పురవ్వ మండే ఆవిరికి అంటుకుంది. 393వ నంబర్ ట్యాంక్ పేలిపోయింది. ఒక కార్మికుడు చనిపోయాడు. 8 మంది గాయపడ్డారు. యాసిడ్ డెలావేర్ నదిలోకి కూడా చేరింది.

ఆవిరి బయటికి ఎలా వచ్చింది? తుప్పు తినేయడంతో ట్యాంక్ పైకప్పుకు, గోడకు చిల్లులు పడ్డాయి. అందులో ఉన్నది వాడేసిన యాసిడ్. దానిలో మండే హైడ్రోకార్బన్లు కలిసి ఉంటాయి.

అసలు విషాదం ఏంటంటే.. ఇది ఎవరికీ తెలియని లోపం కాదు! ఆ ట్యాంక్ అంతకుముందు కొన్నేళ్లుగా లీక్ అవుతూనే ఉంది. లీకైన చోట్ల చాలాసార్లు అతుకులు వేశారు. ట్యాంకును ఖాళీ చేసి లోపల చూడాలని ఇన్‌స్పెక్టర్లు పదే పదే చెప్పినా ఆ పని వాయిదా పడుతూ వచ్చింది. చిల్లుల గురించి ప్రమాదానికి ముందు నెలలోనే ఓ ఆపరేటర్ రాతపూర్వకంగా ఫిర్యాదు కూడా చేశారు. అమెరికా కెమికల్ సేఫ్టీ బోర్డు దర్యాప్తులో ఈ విషయాలన్నీ బయటపడ్డాయి.

యాసిడ్‌ను ఉక్కు ట్యాంకులో ఎలా ఉంచుతారు?

చాలామందికి వచ్చే డౌట్ ఇదే. గాఢమైన సల్ఫ్యూరిక్ యాసిడ్ ఉక్కుకు తగలగానే దానిపై ఐరన్ సల్ఫేట్ పొర ఏర్పడుతుంది. ఆ పొరే ఉక్కును కాపాడుతుంది. అయితే చిల్లుల నుంచి తేమ లోపలికి వెళ్తే యాసిడ్ పలచబడుతుంది. అప్పుడు తుప్పు వేగం ఒక్కసారిగా పెరుగుతుంది. అంటే ఒక చిల్లు మరిన్ని చిల్లులకు దారి తీస్తుందన్నమాట.

మందం ఎలా కొలుస్తారు?

అల్ట్రాసోనిక్ గేజ్ అనే చిన్న మెషీన్ వాడతారు. గోడ మీద జెల్ రాసి ప్రోబ్ ఆనిస్తారు. ప్రోబ్ నుంచి వెళ్లిన శబ్ద తరంగం ఉక్కు అవతలి అంచుకు తగిలి వెనక్కి వస్తుంది. దానికి పట్టిన టైమ్‌ను బట్టి మెషీన్ మందం చెప్పేస్తుంది. ఉక్కులో శబ్దం సెకనుకు దాదాపు 5,900 మీటర్ల వేగంతో వెళ్తుంది. ట్యాంకులో సరుకు ఉండగానే, బయటి నుంచే ఇలా కొలవొచ్చు.

ఇక్కడే ఓ చిక్కుంది. గేజ్ చెప్పేది ప్రోబ్ పెట్టిన చోట మందం మాత్రమే! పక్కనే గుంత పడి ఉన్నా దానికి తెలియదు. అందుకే నాలుగు చోట్ల కొలిచి వదిలేయకుండా, అనుమానం ఉన్న చోట గళ్లు గీసి దగ్గర దగ్గరగా రీడింగులు తీస్తారు.

లెక్క ఇలా..

ఉదాహరణకు కట్టినప్పుడు గోడ మందం 12 మిల్లీమీటర్లు అనుకుందాం. 10 ఏళ్ల తర్వాత కొలిస్తే 9 ఉంది. అంటే ఏడాదికి 0.3 మిల్లీమీటర్లు పోతోంది. కనీసం 6 ఉండాలంటే ఇంకా 3 మిల్లీమీటర్లే మిగిలింది. అదే వేగంతో పోతే 10 ఏళ్లు. మరి పదేళ్ల దాకా ఆగొచ్చా? ఆగకూడదు! అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ ప్రమాణం ఏపీఐ 653 ప్రకారం అందులో సగం, అంటే 5 ఏళ్లలోపే మళ్లీ కొలవాలి. లెక్క ఎంత వచ్చినా 15 ఏళ్లు దాటకూడదు. తుప్పు వేగం తెలియకపోతే గడువు 5 ఏళ్లే.

అడుగు భాగమే అసలు సమస్య

గోడను బయటి నుంచి కొలవొచ్చు. మరి నేలకు ఆనుకున్న అడుగు ప్లేట్ల సంగతేంటి? వాటికి పైనుంచి రసాయనం, కింద నుంచి మట్టిలోని తేమ.. రెండు వైపులా దెబ్బే. వాటిని చూడాలంటే ట్యాంక్ ఖాళీ చేసి, శుభ్రం చేసి, లోపల గాలి సురక్షితమని పరీక్షించాకే మనుషులు దిగాలి. అయస్కాంతంతో పనిచేసే స్కానర్‌ను ప్లేట్లపై నడిపిస్తే పలచబడిన చోట్లు దొరుకుతాయి. అక్కడ మళ్లీ గేజ్ పెట్టి నిర్ధారిస్తారు. ఖర్చుతో కూడిన పని, పైగా ట్యాంక్ ఆపేయాలి. వాయిదా పడేది ఎక్కువగా ఇదే.

ఆ వాయిదా ఖరీదు ఎంతో 2014 జనవరి 9న వెస్ట్ వర్జీనియాలోని చార్లెస్టన్‌లో తెలిసింది. ఫ్రీడమ్ ఇండస్ట్రీస్ ట్యాంక్ అడుగున తుప్పుతో పడిన చిన్న చిల్లుల నుంచి బొగ్గు శుద్ధికి వాడే రసాయనం సుమారు 40 వేల లీటర్లు లీకైంది. అది ఎల్క్ నదిలోకి, అక్కడి నుంచి కుళాయిల్లోకి చేరింది. దాదాపు 3 లక్షల మంది రోజుల తరబడి నల్లా నీళ్లు ముట్టుకోలేదు.

మన దగ్గర పరిస్థితి?

2020 మే 7న విశాఖ ఆర్.ఆర్.వెంకటాపురంలో స్టైరిన్ లీకైన రాత్రి ఇంకా ఎవరూ మర్చిపోలేదు. అక్కడ కారణం తుప్పు కాదు, ట్యాంకులో ఉష్ణోగ్రత అదుపు తప్పడం. కానీ ట్యాంక్ లోపల ఏం జరుగుతోందో గమనించకపోతే గోడ బయట ఉన్న ఊరు మూల్యం చెల్లిస్తుందన్నది రెండు చోట్లా ఒకటే. మన దేశంలో చమురు ట్యాంకుల తనిఖీకి ఓఐఎస్‌డీ 129 ప్రమాణం ఉంది. ప్రమాదకర రసాయనాల నిల్వకు 1989 నాటి నిబంధనలు ఉన్నాయి.

కాబట్టి ఫ్యాక్టరీ పక్కన ఉండేవాళ్లు, లోపల పనిచేసేవాళ్లు "తనిఖీ చేశారా?" అని అడిగి ఊరుకుంటే చాలదు. అడుగు ప్లేట్లు చివరిసారి ఎప్పుడు చూశారు? ఎంత మందం మిగిలింది? ఇన్‌స్పెక్టర్ చెప్పిన పని పూర్తయిందా? ఈ మూడూ అడగాలి. డెలావేర్‌లో మొదటి హెచ్చరికలు అందాయి. పని మాత్రం జరగలేదు.