కాలింది తీగ మాత్రమే

మోటారు కాలిపోయిందని వినగానే మన కర్మాగారంలో ఎవరూ దానిని పారవేయాలని తలచరు. అది రివైండింగ్ విభాగానికి చేరుతుంది, కొద్ది దినాలకు కొత్త తీగతో తిరిగి వచ్చి మళ్లీ విధులలో చేరుతుంది. ఇటువంటి సంస్థలో పనిచేస్తూ కూడా, ఇంటివద్ద పిల్లల పందెపు పడవలోని పిడికెడు మోటారు కాలిపోయినప్పుడు దానిని చెత్తబుట్టలో వేయబోయిన మాట వాస్తవం. చివరి క్షణంలో మనసు ఒప్పక ఆగిపోయాము. ఆ మోటారుతో మేము ఒకసారి విఫలమై, మరొకసారి సఫలమైన వైనాన్ని పాఠక మిత్రులకు విన్నవించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఒడ్డున నిలబడి రేడియో సంకేతాలతో నడిపే నమూనా పడవల పందేలు అనేక దేశాలలో జరుగుతున్నాయి. ఈ పడవలలో నేడు వాడే మోటార్లు చాలావరకు బ్రష్‌లెస్ రకానివే. వీటిలో కార్బన్ బ్రష్‌లు గాని, కమ్యుటేటరు గాని ఉండవు. తిరిగే భాగానికి శక్తిమంతమైన నియోడిమియం అయస్కాంతాలు, కదలని స్టేటరుకు మూడు ఫేజుల తీగచుట్లు ఉంటాయి. ఎలక్ట్రానిక్ కంట్రోలరు ఒక్కొక్క ఫేజుకు క్రమం తప్పకుండా కరెంటు పంపుతుంది. మన కర్మాగారంలోని సింక్రనస్ మోటారుకు ఇది చిట్టి తమ్ముడని చెప్పవచ్చును.

వీటిపై 'కేవీ' అని ఒక అంకె ముద్రించి ఉంటుంది. విద్యుత్ విభాగంలోని మిత్రులు దానిని కిలోవోల్టుగా భావించి కంగారుపడనవసరం లేదు. ఖాళీగా తిరిగేటప్పుడు ఒక్కొక్క వోల్టుకు నిమిషానికి ఎన్ని భ్రమణాలో ఆ అంకె తెలుపుతుంది. 1500 కేవీ గల మోటారుకు నాలుగు లిథియం పాలిమర్ సెల్లుల 14.8 వోల్టులు అందిస్తే, అది నిమిషానికి 22,200 సార్లు తిరుగుతుందన్నమాట!

ఇంత వేగంతో పనిచేసే మోటారు కాలిపోవడానికి కారణాలు కొన్నే. తగినదానికంటే పెద్ద ప్రొపెల్లరు బిగించడం వాటిలో మొదటిది. అదే వేగంతో తిరిగే ప్రొపెల్లరు వ్యాసం 10 శాతం పెరిగితే, అది కోరే శక్తి సుమారు 60 శాతం పెరుగుతుంది. నాచు చుట్టుకొని వేగం మందగించడం రెండవది. మోటారును చల్లబరిచే నీటిగొట్టం మూసుకుపోవడం మూడవది. రాగితీగ వేడెక్కిన కొద్దీ దాని నిరోధం కూడా పెరుగుతుంది. 25 డిగ్రీల నుండి 150 డిగ్రీలకు చేరేసరికి అది దాదాపు ఒకటిన్నర రెట్లవుతుంది. వేడి మరింత వేడిని పుట్టిస్తుంది. ఎనామిల్ పూత మాడి, చుట్టూ చుట్టూ కలిసిపోవడంతో కథ ముగుస్తుంది.

మా మోటారుకు నాచే శత్రువని నిర్ధారించుకొని పనికి ఉపక్రమించాము. పాత తీగ వార్నిష్‌తో గట్టిగా అతుక్కొని ఉన్నందున, స్టేటరును గ్యాసు పొయ్యి మంటపై ఎర్రగా కాల్చాము. తీగ సులువుగా ఊడివచ్చింది. ఎంతో శ్రద్ధగా కొత్త తీగ చుట్టి తిప్పి చూడగా మోటారు చక్కగా తిరిగింది. కాని ఆ సంతోషం రెండు నిమిషాలే! ప్రొపెల్లరు లేకుండానే అది చేయి వేయలేనంత వేడెక్కింది.

మరునాడు రివైండింగ్ విభాగంలో, ముప్పై ఏళ్లుగా మోటార్లు చుడుతున్న పెద్దాయనకు దానిని చూపించాము. ఆయన స్టేటరు రంగు చూసి చిరునవ్వు నవ్వి, "ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకున్నారండీ. కాలింది తీగ మాత్రమే, ఇనుమును మీరు కాల్చారు" అన్నారు.

ఆ మాటలో ఎంతో శాస్త్రం ఉంది. స్టేటరు ఒకే ఇనుపముద్ద కాదు. పలుచని రేకులను ఒకదానిపై ఒకటి పేర్చి చేసినది. రేకుల మధ్య ఉండే సన్నని పూత వాటిలో సుడి ప్రవాహాలు పుట్టకుండా అడ్డుకుంటుంది. మంటకు ఆ పూత కాలిపోతే రేకులన్నీ ఏకమవుతాయి. అందుచేతనే పెద్ద మోటార్లకు సైతం కోర్ ఉష్ణోగ్రత 370 డిగ్రీలు మించకుండా ప్రత్యేక ఓవెన్లలో పాత తీగను కాలుస్తారు. పైగా కర్మాగారంలో పౌనఃపున్యం 50 హెర్ట్జ్ మాత్రమే. 14 ధ్రువాల మా మోటారులో, 22,200 భ్రమణాల వద్ద అది 2,590 హెర్ట్జ్! సుడి ప్రవాహ నష్టం పౌనఃపున్యపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది గనుక చిన్న మోటారుకే ఈ జాగ్రత్త మరింత అవసరం.

పడవల మిత్రుడొకరు అదే రకపు కాలిన మోటారు మరొకటి ఇవ్వగా, ఈసారి పెద్దాయన సూచనల ప్రకారం నడిచాము. ముందుగా అయస్కాంతాల భాగాన్ని విడదీసి దూరంగా ఉంచాము. సాధారణ శ్రేణి నియోడిమియం అయస్కాంతాలు 80 డిగ్రీలు దాటితే శక్తి కోల్పోగలవు. పాత తీగను ఒకవైపు కత్తిరించి, వేడిగాలితో వార్నిష్‌ను మెత్తబరిచి, ఒక్కొక్క పోగునే లాగాము. తీసేటప్పుడే చుట్ల సంఖ్య, తీగ మందం, కలిపిన విధానం కాగితంపై రాసుకున్నాము. ఆరు చుట్లకు బదులు ఐదు చుడితే కేవీ 20 శాతం పెరుగుతుంది. స్టార్‌ను డెల్టాగా మార్చితే 1.73 రెట్లవుతుంది. అజాగ్రత్తకు అక్కడ తావులేదు.

మా స్టేటరుకు 12 పళ్లు, ఫేజుకు నాలుగు చొప్పున. పక్కపక్కన ఉన్న రెండు పళ్లకు పరస్పరం వ్యతిరేక దిశలలో చుట్టాలి. వాటికి ఎదురుగా ఉన్న జతను ఈ జతకు తిరగేసి చుట్టాలి. ఒక్క పన్ను తప్పినా మోటారు వణుకుతుంది. 180 డిగ్రీలకు ఓర్చే 'హెచ్' తరగతి ఎనామిల్ తీగను ఎంచుకొని, పళ్ల అంచులకు ఇన్సులేషన్ వేసి, తీగ గీసుకోకుండా చుట్టాము. పిమ్మట ఏ ఫేజూ ఇనుముకు తగలడం లేదని పరీక్షించాము. మూడు ఫేజుల నిరోధాన్ని మల్టీమీటరు నేరుగా సరిగా చూపలేదు. కనుక ఒక ఆంపియరు కరెంటు పంపి, మిల్లీవోల్టులు కొలిచి పోల్చాము. తొలి పరుగును ప్రొపెల్లరు లేకుండా, తక్కువ వోల్టేజిపై జరిపాము. చుట్టడంలో లోపముంటే కంట్రోలరు, దానివెంట లిథియం బ్యాటరీ కూడా ప్రమాదానికి గురికాగలవు.

ఈసారి మోటారు చల్లగా తిరిగింది. పడవలో బిగించబోతుండగా పెద్దాయన ప్రశ్న గుర్తుకు వచ్చింది: "ఎందుకు కాలిందో చూశారా?" నీటిగొట్టంలోకి ఊది చూస్తే గాలి పోలేదు. లోపల బురద గడ్డకట్టి ఉంది! నాచును నిందించి, ఆ గొట్టాన్ని అలాగే వదిలి ఉంటే రెండవ మోటారు కూడా మొదటిదాని దారినే పట్టి ఉండేది.

పడవ ఇప్పుడు సెలవుదినాలలో చెరువుపై పరుగులు తీస్తున్నది. దింపే ముందు గొట్టంలోకి ఊది చూడడం మా పిల్లలకు అలవాటైంది. మేము పాడుచేసిన ఆ మొదటి స్టేటరు మాత్రం మా బల్లపైనే ఉంది. ఏ యంత్రాన్నైనా విప్పే ముందు మేము దానివైపు ఒకసారి చూస్తాము.