కొలువు కొంటే నిలవదు.. నేర్చుకుంటేనే దక్కుతుంది
* ప్రోగ్రామర్ ఉద్యోగానికి కావలసిన అర్హతలేమిటి?
* మెట్ట ప్రాంత విద్యార్థులకు ఉన్న దారులు.. పాటించాల్సిన జాగ్రత్తలు

వింజమూరు: ఇంటర్ ఫలితాలు వెలువడిన మరుసటి రోజు నుంచే మెట్ట ప్రాంతంలోని ఇళ్లలో ఒకే చర్చ మొదలవుతుంది. అబ్బాయిని కంప్యూటర్ ఇంజినీరింగ్‌లో చేర్చాలా, అమ్మాయిని డిగ్రీలో కంప్యూటర్స్ తీసుకోమనాలా అన్నదే ఆ చర్చ. కలిగిరి, డీసీపల్లి వేలం కేంద్రాల్లో పొగాకుకు పలికిన ధరను బట్టి పిల్లల చదువును నిర్ణయించుకునే కుటుంబాలు ఉదయగిరి, ఆత్మకూరు నియోజకవర్గాల్లో ఎన్నో ఉన్నాయి. అలాంటి ఇంటి నుంచి ఒక్కరు హైదరాబాద్‌లోనో, బెంగళూరులోనో ప్రోగ్రామర్‌గా కుదురుకుంటే కుటుంబమంతా తేరుకుంటుంది. సరిగ్గా ఈ ఆశనే ఆసరా చేసుకుని ‘డబ్బు కడితే కొలువు ఖాయం’ అనే దళారులు పుట్టుకొచ్చారు. ఈ నేపథ్యంలో ఆ ఉద్యోగం అసలు ఏమి కోరుతుందో, ఏ దారిలో దక్కుతుందో పరిశీలిద్దాం.

పని స్వరూపం ఇదీ..
ప్రోగ్రామర్ పనిని వేలం కేంద్రం ఉదాహరణతోనే అర్థం చేసుకోవచ్చు. రైతు తెచ్చిన ప్రతి పొగాకు బేలుకు ఒక నంబరు, తూకం, గ్రేడు, ధర ఉంటాయి. తూకాన్ని ధరతో హెచ్చవేసి రైతుకు రావాల్సిన సొమ్మును తేల్చమని కంప్యూటర్‌కు ఆదేశాలు రాయడమే ప్రోగ్రామింగ్. ఇంతవరకు ఎవరైనా నాలుగు రోజుల్లో నేర్చుకోగలరు. అయితే ఒకే బేలు పొరపాటున రెండుసార్లు నమోదైతే ఏం చేయాలి? బేలు నోబిడ్ అయితే లెక్క ఎలా చూపాలి? కరెంటు పోయిన క్షణంలో జరిగిన వేలం సంగతేమిటి? ఇలాంటి చిక్కులను ముందుగా ఊహించి, వాటికి తగినట్లు రాయగలిగినవాడే ప్రోగ్రామర్. కంపెనీలు జీతమిచ్చేది ఈ ఆలోచనకే తప్ప, బట్టీ పట్టిన జవాబులకు కాదు.

ఏ చదువుకు ఏ దారి?
రాష్ట్ర ఐటీ మంత్రిగా పనిచేసిన, ఆత్మకూరు శాసనసభ్యుడు మేకపాటి గౌతమ్‌రెడ్డి 2022 ఫిబ్రవరిలో మరణించిన అనంతరం, ఉదయగిరిలోని తమ ఇంజినీరింగ్ కళాశాలను వ్యవసాయ విద్య కోసం ప్రభుత్వానికి అప్పగించేందుకు ఆయన కుటుంబం ముందుకొచ్చింది. ప్రస్తుతం ఈ ప్రాంత విద్యార్థుల్లో ఎక్కువమంది ఇంజినీరింగ్ కోసం కావలి, నెల్లూరు వైపే వెళ్తున్నారు. ఈఏపీసెట్ ద్వారా బీటెక్‌లో చేరడం అందరికీ తెలిసిన దారి. అదొక్కటే దారి కాదు.

పదో తరగతిలో మంచి మార్కులు సాధించిన గ్రామీణ విద్యార్థులకు రాజీవ్‌గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం ట్రిపుల్ ఐటీలు వరమనే చెప్పాలి. నూజివీడు, ఇడుపులపాయల్లో 2008లో, ఒంగోలు, శ్రీకాకుళంలలో 2016లో ఇవి ప్రారంభమయ్యాయి. రెండేళ్ల ఇంటర్ స్థాయి చదువు, నాలుగేళ్ల బీటెక్ కలిపి ఆరేళ్లపాటు అక్కడే చదువుకోవచ్చు. పాలిటెక్నిక్ డిప్లొమా చేసినవారు ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో సంవత్సరంలో చేరవచ్చు.

బీఎస్సీ, బీసీఏ చదివినవారికీ అవకాశాలున్నాయి. విప్రో సంస్థ ఇలాంటి పట్టభద్రులను చేర్చుకుని, పని చేస్తూనే ఎంటెక్ చదివే ఏర్పాటు చేస్తోంది. టీసీఎస్ కూడా సైన్స్ పట్టభద్రులకు ప్రత్యేకంగా ఎంపికలు నిర్వహిస్తోంది. ఇంటర్‌లో గానీ, డిగ్రీలో గానీ గణితం చదివినవారు ఐసెట్ ద్వారా ఎంసీఏలో చేరవచ్చు. గతంలో మూడేళ్లుగా ఉన్న ఈ కోర్సును 2020-21 నుంచి రెండేళ్లకు కుదించడం విద్యార్థులకు ఊరట కలిగించింది.

కంపెనీ చూసేది మూడే..
మొదటిది మార్కుల చరిత్ర. పది, ఇంటర్, డిగ్రీ.. మూడింటిలోనూ 60 శాతం ఉండాలనీ, తప్పిన సబ్జెక్టులు మిగిలి ఉండరాదనీ చాలా కంపెనీలు నిబంధన పెడతాయి. అందుకే పదో తరగతి మార్కులను తేలిగ్గా తీసుకోరాదు.

రెండోది ప్రోగ్రాం రాసే సత్తా. ఆన్‌లైన్ పరీక్షలో గణితం, తర్కం, ఇంగ్లీషు ప్రశ్నలతోపాటు అక్కడికక్కడే ప్రోగ్రాం రాయమంటారు. జావా, పైథాన్ వంటి భాషల్లో ఏదో ఒకటి క్షుణ్ణంగా రావాలి. ఐదు భాషల పేర్లు రెజ్యూమేలో రాసుకుని ఒక్కదానిలోనూ పది వరుసలు రాయలేనివారు మొదటి మెట్టులోనే ఆగిపోతారు. డేటాను పద్ధతిగా భద్రపరిచే డేటా స్ట్రక్చర్స్, డేటాబేస్‌ను ప్రశ్నించే ఎస్‌క్యూఎల్ తప్పనిసరి.

మూడోది చెప్పగలగడం. తాను రాసినదాన్ని ఎందుకు అలా రాశాడో ఇంటర్వ్యూలో ఇంగ్లీషులో వివరించాలి. తెలుగు మాధ్యమంలో చదివిన మన పిల్లలు ఎక్కువగా తడబడేది ఇక్కడే. గొప్ప ఇంగ్లీషు అక్కర్లేదు. చిన్న వాక్యాల్లో, తప్పులొచ్చినా ఆగకుండా చెప్పే అలవాటు చాలు. రోజుకు అరగంట బిగ్గరగా సాధన చేస్తే ఏడాదిలో ఈ బెరుకు పోతుంది.

‘బ్యాక్‌డోర్’ మాయ
ఈ మూడూ లేనివారికి దళారులు ఎర వేస్తారు. లక్షల రూపాయలు తీసుకుని, పేరుకే ఉన్న ఒక కంపెనీలో రెండు మూడేళ్లు పనిచేసినట్లు అనుభవ పత్రం ఇస్తారు. ఇంటర్వ్యూలో మరొకరు జవాబులు అందించే ఏర్పాటూ చేస్తామంటారు. కొందరు ఏకంగా నకిలీ నియామక పత్రాలే చేతిలో పెడతారు. హైదరాబాద్ మాదాపూర్ ప్రాంతంలో ఇటువంటి మోసాలపై పోలీసు కేసులు పలుమార్లు నమోదయ్యాయి.

చేరిన తర్వాతైనా గండం తప్పదు. కంపెనీలు ప్రత్యేక సంస్థలతో పాత ఉద్యోగ వివరాలను తనిఖీ చేయిస్తాయి. ప్రావిడెంట్ ఫండ్ ఖాతాలో జమలు లేకపోతే అబద్ధం బయటపడుతుంది. నకిలీ అనుభవ పత్రాలతో చేరినవారిని తొలగించినట్లు 2022లో యాక్సెంచర్ సంస్థ భారత్‌లో బహిరంగంగానే ప్రకటించింది. అలా బయటికొచ్చినవారికి అమ్ముకున్న పొలం తిరిగిరాదు, మరో కంపెనీలో నమ్మకమూ దొరకదు.

నిజాయితీగా వచ్చిన ఉద్యోగాన్ని నిలుపుకోవడానికీ చదువు ఆగరాదు. శిక్షణలో మూడు అవకాశాలిచ్చినా అంతర్గత పరీక్షల్లో ఉత్తీర్ణులు కాలేదంటూ 2025 ఫిబ్రవరిలో ఇన్ఫోసిస్ మైసూరు కేంద్రం నుంచి 300 మందికి పైగా కొత్తవారిని పంపించివేసింది. నియామక పత్రం చేతికొచ్చినంత మాత్రాన పని అయిపోయినట్లు కాదని దీన్నిబట్టి తెలుస్తోంది.

జీతం.. భవిష్యత్తు
ఈ రంగంలో ఎత్తుపల్లాలు కొత్త కాదు. 1998 నవంబరులో హైదరాబాద్‌లో హైటెక్ సిటీ ప్రారంభమైన మూడేళ్లకే అమెరికా డాట్‌కామ్ సంస్థల పతనంతో ఉద్యోగాలు పోయాయి. 2008 ఆర్థిక మాంద్యం, 2009 జనవరిలో సత్యం కుంభకోణం మరో దెబ్బ తీశాయి. అయినా రంగం నిలదొక్కుకుంది. నేడు దేశంలో 50 లక్షల మందికి పైగా ఇందులో పనిచేస్తున్నారు.

కొత్తగా చేరేవారి జీతం మాత్రం ఊహించినంత ఉండదు. పెద్ద సర్వీసు కంపెనీల్లో ఏడాదికి సుమారు మూడున్నర లక్షలతో మొదలవుతుంది. కోతలు పోగా నెలకు 25 వేలు, ఆ దరిదాపుల్లో చేతికందుతుంది. హాస్టల్, భోజనం ఖర్చులు అందులోనే భరించాలి. కనుక మొదటి నెల నుంచే అప్పు తీరుతుందని తల్లిదండ్రులు లెక్క వేసుకోరాదు. అమెరికా ఆశతో చేసే అప్పులకూ ఇదే వర్తిస్తుంది. 2025 సెప్టెంబరులో అమెరికా ప్రభుత్వం కొత్త హెచ్1బీ దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించడం ఆ దారి ఎంత అనిశ్చితమో తెలియజేసింది.

కృత్రిమ మేధ ఇప్పుడు సాధారణ ప్రోగ్రాములను క్షణాల్లో రాసిపెడుతోంది. గతంలో కొత్తవారికి అప్పగించే తేలికపాటి పనులు దీంతో తగ్గుతున్నాయి. అయితే యంత్రం రాసిన దాంట్లో తప్పు పట్టగలవారి అవసరం పోలేదు. పైన చెప్పిన బేళ్ల లెక్కలో నోబిడ్ సంగతి యంత్రం మరిచిపోతే గుర్తించాల్సింది మనిషే. పునాది గట్టిగా ఉన్నవారికే ఇకపై అవకాశమని గ్రహించాలి.

ఊళ్లో ఉండే సాధన
అమీర్‌పేట శిక్షణకు వెళ్లే స్తోమత లేకపోయినా నిరాశ అవసరం లేదు. ఐఐటీ అధ్యాపకుల పాఠాలు ఎన్‌పీటెల్, స్వయం వేదికల్లో ఉచితంగా లభిస్తున్నాయి. ధ్రువపత్రం కావాలనుకుంటేనే పరీక్ష రుసుము చెల్లించాలి. పాత ల్యాప్‌టాప్ అయినా సాధనకు సరిపోతుంది. పాల కేంద్రం లెక్కలో, ఎరువుల దుకాణం పద్దులో ప్రోగ్రాంగా రాసి చూపిస్తే, ఇంటర్వ్యూలో అది పుస్తకంలోంచి దించిన ప్రాజెక్టు కంటే ఎక్కువ విలువ చేస్తుంది.

గుర్తుంచుకోవాల్సినవి
* ఉద్యోగం ఇప్పిస్తామంటూ ముందుగా సొమ్ము అడిగితే అది మోసమని భావించాలి. నియామకాలకు డబ్బు తీసుకోబోమని పెద్ద కంపెనీలు తమ వెబ్‌సైట్లలో స్పష్టం చేశాయి.
* నియామక పత్రం వస్తే కంపెనీ అధికారిక వెబ్‌సైట్ ద్వారా నిర్ధారించుకున్నాకే ప్రయాణం కావాలి.
* కళాశాలలో చేర్చే ముందు అక్కడికి వచ్చే కంపెనీలేవో, గత ఏడాది ఎందరికి ఉద్యోగాలొచ్చాయో చదివి వెళ్లిన విద్యార్థులనే అడగాలి.
* ఆన్‌లైన్‌లో మోసపోతే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫిర్యాదు చేయాలి.
* పొలం అమ్మి దళారి చేతిలో పెట్టే సొమ్ములో పదో వంతు ఒక కంప్యూటర్‌కు, ఏడాది సాధనకు వెచ్చిస్తే చాలు. పిల్లలకు విద్య మిగులుతుంది, పొలమూ మిగులుతుంది.