ర్యాలీలు 14... కార్ల కంపెనీలు మూడే

2025 ప్రపంచ ర్యాలీ చాంపియన్‌షిప్ జనవరిలో ఆల్ప్స్ కొండల్లో మోంటె కార్లో ర్యాలీతో మొదలై, నవంబరులో సౌదీ అరేబియా ఎడారిలో ముగిసింది. మొత్తం 14 ర్యాలీలు. వాటిలో కెనరీ దీవులు, పరాగ్వే, సౌదీ కొత్తగా చేరినవి. కానీ తయారీదారుల టైటిల్ రేసులో కనిపించినవి టొయోటా, హ్యుందాయ్, ఫోర్డ్ కార్లే. అందులోనూ ఫోర్డ్ జట్టును నడిపేది ఆ కంపెనీ కాదు, ఎం-స్పోర్ట్ అనే బ్రిటన్ ప్రైవేటు సంస్థ.

క్యాలెండర్ పెరగడం కంపెనీలకు ఒకరకంగా లాభమే. కెన్యా సఫారీనే చూడండి. రాళ్లు, గుంతలు, పిండిలాంటి దుమ్ము. 2021లో ఈ ర్యాలీ తిరిగొచ్చాక 2025 దాకా ఏటా టొయోటానే గెలిచింది. తమ కారు గట్టిదని చెప్పుకోవడానికి ఇంతకంటే మంచి ప్రకటన ఏముంటుంది? కాకపోతే ప్రతి దూరదేశానికీ కార్లు, విడిభాగాలు, ఇంజినీర్లు కదలాలి. ఆ బిల్లు జట్లదే.

పైగా కంపెనీలు ఉన్నట్టుండి తప్పుకుంటాయి. 2013 నుంచి వరుసగా నాలుగు టైటిళ్లు గెలిచిన ఫోక్స్‌వ్యాగన్, డీజిల్ కుంభకోణం తర్వాత 2016 చివర్లో వెళ్లిపోయింది. స్టార్ డ్రైవర్ ఓజియే జట్టును వీడటంతో 2019లో సిట్రోయెన్ కూడా దుకాణం కట్టేసింది. ఇప్పుడున్న మూడింటిలో ఒకటి పోతే మిగిలేది రెండే.

అందుకే అంతర్జాతీయ ఆటోమొబైల్ సమాఖ్య ఎఫ్‌ఐఏ 2027 నుంచి కారు ధరకు 3,45,000 యూరోల పరిమితి పెట్టింది. ఇప్పటి ర్యాలీ1 కారు ధరలో ఇది సగం కూడా కాదు. పెద్ద కంపెనీలే కాదు, ట్యూనింగ్ సంస్థలు కూడా కార్లు తయారుచేసి బరిలోకి దిగొచ్చు. అయితే కారు చౌకైనంత మాత్రాన పరాగ్వే దగ్గరకు రాదు.